ఫుట్‌పాత్ మీద హారన్ ఏంటండీ?

మొన్న సాయంత్రం ఒడిశాలోని బరంపురంలో, మా పత్రిక ఆఫీసుకు కూతవేటు దూరంలో, కూరల సంచి పట్టుకుని ఒక పెద్దావిడ ఫుట్‌పాత్ మీద నడిచి వెళ్తోంది. ఓ దుకాణం ముందు పోసిన సిమెంటు ర్యాంపు మీదుగా స్కూటర్ ఒకటి పైకెక్కి ఆవిడ వెనకే వచ్చి ఆగకుండా హారన్ కొట్టింది. "మావుసీ (పిన్నీ), సైడ్!" అన్నాడు బండి నడిపే అబ్బాయి. ఆవిడ హడలిపోయి పక్కకు దిగబోతే కాలువ పలకల సందులో చెప్పు ఇరుక్కుంది, సంచిలోని టమాటాలు రోడ్డు మీదకు దొర్లాయి, ఒకదాని మీద నుంచి ఆటో వెళ్లిపోయింది కూడా. ఇంతా జరిగితే చుట్టూ ఉన్నవాళ్లు అన్న మాట ఏంటో తెలుసా? "చూసుకుని నడవాలి కదమ్మా."

ఆవిడకు చెప్పారు ఆ మాట. స్కూటర్ మీద ఉన్నవాడికి కాదు. మాకు ఒళ్లు మండింది అందుకే.

రోడ్డు మీద ఎవరు ముందు, ఎవరు ఆగాలి అని వాదించుకుంటే అర్థముంది. ఫుట్‌పాత్ మీద ఆ ప్రశ్నే పుట్టకూడదు. డ్యూటీలో ఉన్న పోలీసు చెబితే తప్ప ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదు, నిలపకూడదు అని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు తేల్చేశాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లి, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమంది, వికలాంగులు కూడా వాడుకునేలా ఉండాలంది. ఇంటి గేటులోకో సెల్లార్‌లోకో వెళ్లడానికి ఫుట్‌పాత్ దాటాల్సిన బండి ఉంటుంది, నిజమే. అప్పుడైనా నడిచే మనిషి వెళ్లేదాకా ఆగాల్సింది బండే.

రోడ్లు ఇరుకు, గుంతలు, వానొస్తే మోకాలి లోతు నీళ్లు, పార్కింగ్‌కు చోటు లేదు, డెలివరీ కుర్రాళ్లకు టైమ్ టెన్షన్ అంటారు. కాదనం. రోడ్డు బాగోలేకపోతే రోడ్డు వేసేవాళ్లతో పోట్లాడండి. మావుసీ ఏం చేసింది మధ్యలో?

అసలు భయం ఆ ఒక్క స్కూటర్ గురించి కాదు. ఇవాళ ట్రాఫిక్ జామ్ అయిందని ఒక బైకు ఎక్కుతుంది, ఎవరూ ఏమీ అనరు. రేపు దాని వెనక నాలుగు ఎక్కుతాయి. ఎల్లుండి జామ్ లేకపోయినా అదే దారి. ఆ తర్వాత దుకాణం ఆయన తన ముందు ఫుట్‌పాత్ అంచు కొట్టించి ర్యాంపు పోయించుకుంటాడు, ర్యాంపు ఉంది కాబట్టి కారు ఎక్కుతుంది, కారు ఉంది కాబట్టి నడిచేవాళ్లు దిగి రోడ్డు మీద పోతారు, ఆపైన "ఇక్కడ ఎవరూ నడవరండీ" అని అదే జనం అంటారు. అలవాటు హక్కుగా మారేది ఇలాగే. తోపుడు బండ్ల మీద మాత్రం అందరికీ కోపం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకూ చోటు చూపించమంది, అది వేరే గొడవ, పైగా జామకాయల బండి వెనక నుంచి హారన్ కొట్టి ఎవరినీ గుద్దలేదు ఇంతవరకు.

కట్టేవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని, నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. మన ఊళ్లలో, బరంపురం అయినా పర్లాకిమిడి అయినా రాయగడ అయినా, బైకులు ఎక్కకూడదని కొన్నిచోట్ల అడుగున్నర ఎత్తు లేపుతారు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు దాన్ని ఎక్కలేరు, బైకులు మాత్రం ఎక్కడో ఒక ర్యాంపు వెతుక్కుని ఎక్కుతూనే ఉంటాయి. ఎవరి కోసం కట్టారో వాళ్లు తప్ప మిగతా అందరూ వాడుకుంటున్నారన్నమాట.

దిగి రోడ్డు మీద నడిస్తే ఏమవుతుందో కేంద్రం లెక్కల్లోనే ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. "కొంచెం పక్కకు తప్పుకుంటే పోయేదేముంది" అనేవాళ్లు ఆ అంకె ఇంకోసారి చదవండి.

ఇంత రాస్తున్నాం కానీ మా గుమ్మం కూడా శుభ్రంగా లేదు. ఈ సంపాదకీయం రాసే వేళకు మా ఆఫీసు ముందు ఫుట్‌పాత్ మీద ఐదు బైకులున్నాయి, రెండు మా విలేకరులవే. "ఐదు నిమిషాల్లో వెళ్లిపోతాం సార్" అన్నారు, అందరూ అనే మాటే. రేపు పొద్దుటికి అవి అక్కడుంటే ఫొటో తీసి మొదటి పేజీలో వేస్తాం, నంబరు ప్లేట్లతో సహా. ఆ తర్వాత మీ వీధిలోకి వస్తాం. బండి దించండి.