అరగంట ముందు చేరితే చాలట!

"బరంపురం తెలుగువారికి ముఖ్య గమనిక" అని మొదలయ్యే, హైదరాబాద్ విమాన ప్రయాణం గురించిన మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. ఆరోసారి పంపింది మా పెదనాన్నగారు. ఆయనకు ఫోన్లో ఎదురు చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

మొదటి మాట. హైదరాబాద్‌కు విమానంలో విశాఖ నుంచి 510 కిలోమీటర్లే, భువనేశ్వర్ నుంచి 840. కాబట్టి "తెలివైనవాడు విశాఖకే వెళ్తాడు". అంకెలు ఇంచుమించు సరైనవే. కానీ ఈ తెలివైనవాడు ఉండేది ఒడిశాలో, బరంపురంలో కదా! ఇక్కణ్ణుంచి భువనేశ్వర్‌కు రైల్లో 166 కిలోమీటర్లు, విశాఖకు 277. గాల్లో మిగిలేది పాతిక నిమిషాలు, నేల మీద పోయేది గంటన్నర.

రెండోది, గంటకు 850 పోయే విమానానికి 840 కిలోమీటర్లకు గంట చాలట, టికెట్ మీద గంటా నలభై వేసి మోసం చేస్తున్నారట. ఆ టైము భువనేశ్వర్‌లో గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి శంషాబాద్‌లో గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా ఆటోలా పాకాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకోవాలి. పైలట్లు మైళ్ళలో చెప్పి దూరం దాస్తారన్నది మూడోది. వాళ్ళు వాడే నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. దాచిందేమీ లేదు.

నాలుగోది ముత్యం. భూమి తూర్పుకు తిరుగుతుంది కనుక హైదరాబాదే విమానానికి ఎదురొస్తుందట! గాలి కూడా భూమితోనే తిరుగుతుంది మహాప్రభో. లేకపోతే మా చంటాడు మేడ మీద ఒక్క గంతేస్తే పడమటి వీధిలో దిగాలి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. వానాకాలంలో దక్షిణాదిన బాగా ఎత్తున గాలి తూర్పు నుంచి బలంగా వీస్తుంది. ఆ రోజుల్లో హైదరాబాద్ విమానం కాస్త ముందే చేరొచ్చు. చలికాలంలో అదే పైగాలి ఎదురు తిరుగుతుంది.

ఇవన్నీ నవ్వి వదిలేసేవే. చివరి వాక్యమే నా ఒళ్ళు మండించింది. "వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే అరగంట ముందు చేరినా చాలు." దేశంలో తిరిగే విమానాలకు సాధారణంగా బ్యాగులు తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. బోర్డింగ్ గేటు పాతిక నిమిషాల ముందే మూస్తారు. మధ్యలో సెక్యూరిటీ క్యూ ఎవరి కోసమూ ఆగదు.

మా బావగారు కిందటేడు మేనకోడలి నిశ్చితార్థానికి బయల్దేరి ముప్ఫై అయిదు నిమిషాల ముందు చేరారు. ఫోన్లో బోర్డింగ్ పాస్ ఉంది. చేతిలో పెద్ద సూట్‌కేసు, అందులో నాలుగు బరంపురం పట్టుచీరలు, అప్పడాల కట్టలు, రెండు ఊరగాయ జాడీలు. కౌంటర్‌లో అమ్మాయి ఒడియాలో మర్యాదగానే చెప్పింది, బంద్ అయిపోయిందని. మనిషి వెళ్ళొచ్చు, పెట్టె వెళ్ళదు. పెట్టె లేకుండా వెళ్ళి ఏం చేస్తారు? ఆ సాయంత్రం రైల్లో జనరల్ బోగీలో, జాడీలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు. ఆయనకు ఇలాంటి మెసేజే అప్పట్లో ఫార్వర్డ్ చేసింది నేనే. చదవకుండానే.

పెదనాన్నగారూ, శుక్రవారం మీ ఫ్లైట్ రెండు గంటలకు. పన్నెండుకల్లా భువనేశ్వర్‌లో ఉండాలంటే ఇక్కడ ఎనిమిది దాటకూడదు. చిలకా పక్కన టిఫిన్‌కు ఆగుదామని మాత్రం అనకండి. కారు నేనే తెస్తాను, ఏడున్నరకి.