మహారాజశ్రీ కోర్టు ఖర్చుల వారి సముఖానికి

మహారాజశ్రీ కోర్టు ఖర్చుల వారి సముఖానికి, డబ్లిన్ నగరం నుంచి మీ పేరు వింటేనే చెమటలు పట్టే ఒక తెలుగువాడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఉభయ అన్నానే గానీ కుశలం మీకే. మాది ఇంకా వాయిదాల్లో ఉంది.

మీరు నన్ను ఎరగరు. మనం కలిసింది ఒక్కసారి, అదీ అరగంట. రెండేళ్ల కిందట అద్దె ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ఏజెన్సీ వాళ్లు నా పాస్‌పోర్టు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, పాత ఓనరు ఇచ్చిన మంచి నడవడిక ఉత్తరం అన్నీ పుచ్చుకుని, ఇల్లు మాత్రం ఇంకెవరికో ఇచ్చారు. ప్రాప్తం లేదనుకున్నాను. నెల తిరక్కుండానే ఆ కాగితాల కట్ట పొరపాటున మరో ముగ్గురి మెయిల్‌కి వెళ్లిందట. వాళ్లలో ఒకాయన మన ఏలూరు వైపాయన. నాకే ఫోన్ చేసి, "కారు లోను ఇంకా తొమ్మిది నెలలుందాండీ మీకు?" అని పరామర్శించాడు.

సొలిసిటరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ అన్నీ చూసి కేసు బలంగానే ఉందన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఒకవేళ ఓడిపోతే అవతలివాళ్ల లాయర్ల ఫీజు కూడా మీ మీదే పడుతుంది, తెలుసు కదా" అన్నారు. ఆ మాటతో గదిలోకి మీరు వేంచేశారు. నేను మర్యాదగా లేచి నిలబడ్డాను. నిలబడినవాణ్ని నిలబడినట్టే ఇంటికొచ్చేశాను.

మావైపు ఒక మాటుంది: ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట. ఆ మాట పుట్టించినవాడికి ఇక్కడి రివాజు తెలిసినట్టు లేదు. ఇక్కడ ఓడినవాడు రెండు ఏడుపులూ ఒక్కడే ఏడవాలి.

అప్పటి నుంచీ మీ చరిత్ర చదువుతున్నాను. ఫేస్‌బుక్‌నీ గూగుల్‌నీ కాపాడేది వాళ్ల ఇంజినీర్లనీ, లాబీయిస్టులనీ జనం అనుకుంటారు. పాపం, మీ పేరు ఎవరూ ఎత్తరు. 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టంలో 99 అధికరణాలున్నాయి. తెలుసుకునే హక్కు, దిద్దించుకునే హక్కు, చెరిపించుకునే హక్కు... శుభలేఖలో చుట్టాల పేర్లలా వరసగా అచ్చువేశారు. ఆ శుభలేఖలో మీ పేరు నాకు కనబడలేదు. అయినా పందిరి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎవరు లోపలికి రావాలో చూసేది తమరే.

తమరి పరాక్రమం మొదట చదివింది డిజిటల్ రైట్స్ ఐర్లాండ్ అనే హక్కుల సంస్థ వేసిన కేసులో. దేశంలో ఎవరు ఎవరికి ఫోన్ చేశారో, ఎప్పుడు, ఎక్కణ్నుంచి చేశారో కంపెనీలు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా దాచి ఉంచాలని యూరోపియన్ యూనియన్ 2006లో ఒక డైరెక్టివ్, అంటే సభ్యదేశాలన్నిటికీ ఒక ఆదేశం, తెచ్చింది. నేరం చేసినవాడివే కావు, పాలవాడివీ, పూజారివీ, అందరివీ. ఈ చిన్న సంస్థ అదే ఏడాది ఐర్లాండ్ ప్రభుత్వం మీద కేసు వేసింది. గోప్యత సంగతి తేలకముందే ప్రభుత్వం ఒక పాయింటు లేవదీసింది: వీళ్లు ఓడితే మా ఖర్చులిచ్చే స్తోమత వీళ్లకుందా? ముందు పూచీ కట్టించండి. అంటే మూలవిరాట్టు దర్శనానికి ముందు తమరి హుండీ అన్నమాట. నాలుగేళ్ల తర్వాత, 2010లో, హైకోర్టులో జస్టిస్ మెక్‌కెక్నీ పూచీ అక్కర్లేదన్నారు. ఆస్ట్రియా నుంచి 11,000 మందికి పైగా సంతకాలతో వచ్చిన మరో కేసు దీంతో కలిసింది. 2014 ఏప్రిల్ 8న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం ఆ డైరెక్టివ్ మొత్తాన్నీ కొట్టేసింది. ఆ 2010 ఉత్తర్వు అటుదిటైతే ఏమయ్యేదో తలచుకుంటే మీ మీద నా గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఇక మాక్స్ ష్రెమ్స్. ఈ కుర్రాడు మిమ్మల్ని చాలా విసిగించాడని విన్నాను. వియన్నాలో లా చదువుకుంటూ 2011లో ఫేస్‌బుక్‌ని నా డేటా నాకివ్వమన్నాడు, 1,200 పేజీల పైచిలుకు ఫైలు వచ్చింది. మా ఇంటి పెళ్లి ఆల్బమ్‌కి కూడా అన్ని పేజీల్లేవు. డబ్లిన్‌లోని డేటా రక్షణ కమిషనర్‌కి వరసగా 22 ఫిర్యాదులు పెట్టాడు. ఫిర్యాదు ఉచితం. మీరు ఉచితమైన చోటికి రారు కాబట్టి అక్కడ మీ ఊసు లేదు. కానీ అమెరికా నిఘా గుట్టు స్నోడెన్ బయటపెట్టిన తర్వాత, 2013లో, నా డేటాని అమెరికా పంపడం ఆపండి అని మళ్లీ అడిగితే, ఇది పసలేని ఫిర్యాదు అని కమిషనర్ పక్కన పెట్టారు. దాన్ని ప్రశ్నించాలంటే లిఫీ నది ఒడ్డున ఫోర్ కోర్ట్స్ అనే హైకోర్టు భవనం మెట్లెక్కాలి. నేను రోజూ ట్రామ్‌లో ఆ భవనం మీదుగానే ఆఫీసుకి వెళతాను. ఆ గోపురం చూస్తే దేవాలయమనుకుని దణ్ణం పెట్టుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. నేనూ పెడతాను, కారణం వేరు.

అక్కడ జస్టిస్ హోగన్ అనే ఆయన, ఈ అబ్బాయి ఓడినా ఇంతకు మించి కట్టక్కర్లేదని మీకో హద్దు గీశారు. ఎంత అవమానం! ఆ హద్దు చలవతో 2015 అక్టోబర్ 6న, యూరప్ డేటాని అమెరికా పంపనిచ్చే సేఫ్ హార్బర్ ఒప్పందం కూలింది. మీరు ఊరుకుంటారా? ఏడాది తిరిగేసరికి కమిషనరే కోర్టుకెళ్లారు. ప్రతివాదులు ఇద్దరు: ఒకరు ఫేస్‌బుక్, రెండోవారు ష్రెమ్స్. దొంగతనం జరిగిందని స్టేషనుకెళ్లినవాణ్ని దొంగ పక్కనే బోనులో నిలబెట్టినట్టు. ఈ తమాషా చూడటానికి అమెరికా ప్రభుత్వం కూడా కోర్టు మిత్రుడి హోదాలో వచ్చి కూర్చుంది. 2020 జులై 16న, సేఫ్ హార్బర్ స్థానంలో వచ్చిన ప్రైవసీ షీల్డ్ కూడా పోయింది. 2023 మే 22న ఫేస్‌బుక్ సొంతదారు మెటాకి 120 కోట్ల యూరోల జరిమానా పడింది. జరిమానా వద్దని ఐర్లాండ్ రెగ్యులేటర్ అంటే, వేసి తీరాలని యూరప్ డేటా రక్షణ బోర్డు చెప్పింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

ఆ డబ్బు చివరికి వసూలైతే చేరేది ఎక్కడికో తెలుసా మీకు? తెలియకేం. ఐర్లాండ్ ఖజానాకి. పదేళ్లు తిరిగిన ఫిర్యాదుదారుడికి అందులో ఒక్క సెంటు రాదు. వద్దు మొర్రో అన్న ఊరికే వడ్డన.

ఇక్కడ మా తాత సంగతి చెప్పాలి. తెనాలి కోర్టు చుట్టూ ఒక గట్టు తగాదా మీద పద్నాలుగేళ్లు తిరిగాడు. కాగితాల సంచీ, పులిహోర పొట్లం, చెప్పులు తెగితే కుట్టించుకోవడానికి పావలా. మధ్యలో చేతులెత్తేస్తే ఊళ్లో షావుకారు వచ్చి, "దావా నడిపించు బాబాయ్, ఖర్చు నాది, గెలిస్తే పావలా వంతు నాకు" అన్నాడట. మా నాన్నమ్మ ఆ షావుకారుని తిట్టని తిట్టు లేదు. నేనూ అది ఏదో చాటుమాటు బేరమనుకునేవాణ్ని. తీరా చదివితే, ఇలా వేరొకడి దావాకి వాటా కోసం పెట్టుబడి పెట్టకూడదనే ఇంగ్లీషువాళ్ల నిషేధం ఇండియాకి వర్తించదని లండన్‌లో ప్రివీ కౌన్సిల్ అనే అప్పటి చివరి అప్పీలు కోర్టు 1876లోనే తేల్చింది, మరీ గొంతుకోత బేరమైతే తప్ప. షావుకారు చట్టం ప్రకారమే నడిచాడు!

అదే ఇక్కడ కుదరదు. ఐర్లాండ్‌లో దాన్ని చాంపర్టీ అంటారు, 1634 నాటి శాసనం. ఇంగ్లండ్ 1967లో దాన్ని నేరాల జాబితాలోంచి తీసి పారేసింది. ఐర్లాండ్ మాత్రం తాతల నాటి గంగాళంలా అటక మీద భద్రంగా దాచుకుంది. 2017 మేలో ఒక మొబైల్ లైసెన్సు కేసులో బయటి ఫండర్ డబ్బు పెడతానంటే, ఇది చెల్లదు, మార్చాలంటే పార్లమెంటు మార్చుకోవాలని సుప్రీం కోర్టు చెప్పింది. ఒకసారి పటం చూడండి. మెటా యూరప్ ఆఫీసు డబ్లిన్. గూగుల్ డబ్లిన్. టిక్‌టాక్ డబ్లిన్. లింక్డ్‌ఇన్ డబ్లిన్. దావాలు వేయాల్సిన ఊరే దావాకి షావుకారు రాకూడని ఊరు. మీరు వాస్తు చూసే దిగారు.

షావుకారు వచ్చిన చోట్ల ఏం జరిగిందంటారా? వియన్నాలో 2014లో ష్రెమ్స్ ఫేస్‌బుక్ మీద 25,000 మంది తరఫున తలకి 500 యూరోల చొప్పున దావా వేశాడు. ఒక జర్మన్ ఫండర్ 20 శాతం వాటా మీద డబ్బు పెట్టాడు. 2018 జనవరిలో లక్సెంబర్గ్ కోర్టు, నీ కేసు నువ్వు వేసుకో, మిగతావాళ్లవి ఇక్కడ కుదరవంది. లండన్‌లో గూగుల్ మీద రిచర్డ్ లాయిడ్ 40 లక్షల పైచిలుకు ఐఫోన్ వాడకందార్ల పేరు చెప్పి దావా వేస్తే, తలకి 750 పౌండ్ల లెక్కన 300 కోట్ల పౌండ్లు తేలింది. ఫండర్ వెంటనే దొరికాడు. 2021 నవంబర్ 10న సుప్రీం కోర్టు కొట్టేసింది.

కానీ స్వామీ, తలసరి లెక్కకి రాని కేసులున్నాయి. నెదర్లాండ్స్‌లో సిరి అని ఒక సర్కారీ లెక్కల యంత్రం ఉండేది (ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి కాదు లెండి, ఇది వేరు). ఇంటి అద్దె సాయం, పన్నులు, ఉద్యోగం, అన్ని వివరాలూ కలిపి ఎవరు మోసం చేస్తారో జోస్యం చెప్పేది. దాన్ని దింపింది రాటర్‌డామ్‌లో బ్లూమ్‌హాఫ్, హిల్లెస్లాయిస్ లాంటి బీదల పేటల్లో. ధనవంతుల వీధికి అది దారి తప్పి కూడా వెళ్లలేదు. పౌరహక్కుల సంఘాలు, ఒక పెద్ద కార్మిక సంఘం, ఇద్దరు రచయితలు కలిసి కేసు వేస్తే 2020 ఫిబ్రవరి 5న హేగ్ కోర్టు దాన్ని ఆపేసింది. గెలిస్తే చేతికొచ్చింది ఎంత? ఏమీ లేదు. యంత్రం ఆగింది, అంతే. ఇరవై శాతం వాటా అంటే దేంట్లో వాటా? ఇలాంటి దావాకి మా ఊరి షావుకారు కూడా తల గోక్కుని వెళ్లిపోతాడు.

అందుకే కొందరు మీకు విరుగుడు కనిపెట్టారు. వియన్నాలో నాయిబ్ అనే డేటా హక్కుల సంస్థ పెట్టడానికి ష్రెమ్స్ బృందం 2018 జనవరి చివరికల్లా 2,50,000 యూరోలు కావాలని జనాన్ని చందా అడిగింది. దసరా చందాలాగే, రసీదు పుస్తకం మాత్రం ఆన్‌లైన్. జీడీపీఆర్ అమలైన మొదటి రోజే, సిరా ఆరకముందే, నాలుగు పెద్ద ఫిర్యాదులు పడ్డాయి. అంతకుముందే 2017లో డిజిటల్ ఫ్రీడమ్ ఫండ్ పుట్టింది. కేసు వేయకముందు చేసే తవ్వకానికీ, వేశాక కింది కోర్టు నుంచి చివరి మెట్టు దాకా నడపడానికీ గ్రాంటు ఇస్తుంది. వాటా అడగదు. తమరికి ఇది ఎంత అన్యాయంగా తోచి ఉంటుందో ఊహించగలను.

బెంగ పెట్టుకోకండి. గ్రాంటు దొరకాలంటే కేసు "వ్యూహాత్మకం" అవ్వాలి. అంటే గెలిస్తే వాదికే కాకుండా వీధికంతటికీ మేలు జరగాలి. మంచి నియమమే, కాదనను, ఉన్న కాస్త డబ్బు ఎక్కడ పోస్తే పదిమంది దాహం తీరుతుందో చూసుకోవద్దూ? ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 ఏప్రిల్ 4న అప్పీలు కోర్టు ఊబర్‌తో పాటు మన బెంగళూరు ఓలాకి కూడా, డ్రైవర్లకి మార్కులు ఎలా వేస్తున్నావో చెప్పమంది. అది వేలమంది డ్రైవర్లకి పనికొచ్చే తీర్పు. నా అద్దె కాగితాల కట్ట ఎవరికి పనికొస్తుంది? ఏలూరాయనకి తప్ప. అందుకే నాలాంటి చిల్లర బాధితులందరూ పూర్తిగా మీ ఏలుబడిలోనే ఉన్నాం.

పైగా దాతలకీ గాలి మారుతుంటుంది. 2023 ఆగస్టులో ఓపెన్ సొసైటీ ఫౌండేషన్స్ అనే పెద్ద దాత సంస్థ యూరోపియన్ యూనియన్‌లో తన పనిలో పెద్ద భాగం నుంచి తప్పుకుంటానని చెప్పేసింది. కేసు పదేళ్లు, గ్రాంటు రెండేళ్లు మూడేళ్లు. మీకు తొందర లేదు కదా, అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తారు.

ఒక్క స్ట్రాస్‌బర్గ్‌లోనే తమరి పప్పులు ఉడకవు. అక్కడి మానవ హక్కుల కోర్టులో ఫీజు లేదు, ఓడినా ఎదుటివాడి ఖర్చు నెత్తిన పడదు. కాకపోతే సొంత దేశం కోర్టులన్నీ తిరిగొచ్చాకే ఆ గుమ్మం తెరుస్తారు. అంటే అక్కడికి దారి మీ ఇంటి వసారాలోంచే.

మా ఆవిడ అడిగింది, ఇంత రాస్తున్నావు, ఏజెన్సీ మీద మాత్రం ఎందుకు వేయలేదని. ఏం చెప్పను? నెలకి ఐదు యూరోలు చందా కడుతున్నాను ఒక హక్కుల సంస్థకి. నాకు బదులు ఇంకెవరైనా వెళ్లి మీ ఎదురుగా కూర్చుంటారని.

మా తాత తెనాలి నుంచి డబ్బులైపోయినప్పుడల్లా స్టాంపు అంటించకుండా ఇంటికి ఉత్తరం వేసేవాడు. బేరింగ్ ఉత్తరం అనేవారు. అందుకున్నవాళ్లే పోస్ట్‌మ్యాన్‌కి రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. నాన్నమ్మ తిట్టుకుంటూనే కొంగుముడి విప్పేది. ఈ ఉత్తరం కూడా స్టాంపు లేకుండానే వేస్తున్నాను, చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు