షెండి రైతులను మరచిన ఖార్టూమ్ కథ

ఈజిప్టు పాలనపై తిరగబడిన మతనాయకుడు మహ్దీ సేనల చేతిలో 1885లో సుడాన్‌లోని ఖార్టూమ్ పతనం కావడానికి మతావేశమే కారణమన్నట్లుగా, ఆ ఘటనపై నేను చదివిన ఒక వ్యాసం ముగియడం నాకు అసంతృప్తి కలిగించింది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుడు ఆండెర్స్ బ్యోర్కెలో కృషిని రచయిత గమనించి ఉంటే కథ మరోలా ఉండేది. సుడాన్ అధ్యయనంలో బెర్గెన్‌కు గట్టి సంప్రదాయమే ఉంది. మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ పశ్చిమ సుడాన్‌లోని జెబెల్ మర్రా పర్వతప్రాంతపు ఫుర్ ప్రజలపై పరిశోధించింది బెర్గెన్‌లో పనిచేస్తున్న కాలంలోనే.

బ్యోర్కెలో 1989లో కేంబ్రిడ్జ్ ప్రచురణగా వెలువడిన తన గ్రంథంలో సేనాధిపతులను కాక, నైలు ఒడ్డున ఉన్న షెండి ప్రాంతపు రైతులను, వర్తకులను 1821 నుంచి 1885 వరకు అనుసరించారు. 1822లో అక్కడ, సుడాన్‌ను ఆక్రమించిన ఈజిప్టు సేనాధిపతి ఇస్మాయిల్ పాషాను సజీవదహనం చేసినందుకు ఈజిప్టు సేనలు సాగించిన ఊచకోత గురించి చాలామంది రాశారు. అయితే దాని తరువాత దశాబ్దాలపాటు సాగిన పన్నుల పీడన గురించి రాసినవారు తక్కువ. ఎద్దులతో తిప్పి పొలాలకు నీరు తోడే సాకియా చక్రాల మీద కూడా పన్ను వేయడంతో, దాన్ని చెల్లించలేని కుటుంబాలు నేలను విడిచి, చిల్లర వర్తకులుగా దక్షిణానికి, పశ్చిమానికి వలసపోయాయి. ఆ వలస వర్తకులలో అనేకులు బానిసల వ్యాపారంలో పాలుపంచుకున్నారన్నది కూడా దాచకూడని నిజం. మహ్దీకి తొలినాళ్లలో అండగా నిలిచినవారిలో ఇలా చెదిరిపోయిన ఉత్తరాది జనం కూడా ఉన్నారు. వారి ప్రస్తావనే లేకుండా మహ్దీ విజయాన్ని వివరించడం న్యాయం కాదని నా అభిప్రాయం.