గీజరు ఎర్రదీపం

ఇంటిల్లిపాదీ తాళం వేసుకుని వెళ్లిపోయినా, స్నానాల గది బయట గీజరు స్విచ్చి ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ ఉందిగా, దానంతటదే ఆగుతుందన్న ధీమా. ఆగుతుంది, నీళ్లు కాస్త చల్లారగానే మళ్లీ మొదలవుతుంది. ఎవరూ వాడని నీటిని ఇలా రోజంతా వేడిగా ఉంచడానికి అయ్యే నష్టాన్ని బట్టే కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ గీజర్లకు స్టార్లు ఇస్తోంది.

దీనికి విరుగుడుగా, ఫోన్‌తో నడిపే స్మార్ట్ ప్లగ్గులు వచ్చాయి. రావలసినవే. ఆఫీసులో కూర్చుని ఫోన్‌తో గీజరు వేసుకోవడం మాత్రం ఉత్త సోకు. పొదుపంతా కరెంటును కొలవగల ప్లగ్గులో ఉంది. 25 లీటర్ల గీజరులో 2,000 వాట్ల కాయిల్ 25 డిగ్రీల నీటిని 60కి తేవడానికి ఒక యూనిట్, అరగంట పడుతుంది. థర్మోస్టాట్ కట్ కాగానే ప్లగ్గు చూపే వాట్లు రెండు వేల నుంచి సున్నాకు పడిపోతాయి. 'రెండు నిమిషాలపాటు 10 వాట్లు దాటకపోతే ఆపెయ్' అని యాప్‌లో పెడితే చాలు, వేరే సెన్సరు అక్కర్లేదు. ఎందుకైనా మంచిది, 45 నిమిషాల గడువు కూడా పెట్టుకోవాలి. కొందరు పైపుకు వేడిని కొలిచే సెన్సరు కడుతున్నారు. పైపులో నిలిచిన నీరు ముందే చల్లారుతుంది కాబట్టి, ట్యాంకు నిండా వేడినీళ్లున్నా అది చల్లగా ఉందనే చెబుతుంది.

ఆ వాట్ల లెక్కే గీజరు జబ్బును కూడా పట్టిస్తుంది. వాట్లు తగ్గితే వోల్టేజీ తక్కువని అర్థం. వాట్లు అంతే ఉండి, చలి పెరగకుండానే అరగంట కాస్తా నలభై నిమిషాలైతే బోరు నీటి ఉప్పు పేరుకుని థర్మోస్టాట్ వేడిని ఆలస్యంగా పసిగడుతోందేమో చూడాలి. ఆ పొర కాయిల్ మీద మందమైతే వేడి నీటికి చేరక కాయిలే కాలిపోతుంది.

అసలు ప్రమాదం చవక ప్లగ్గులతో. 2,000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. దీపాలకు, ఫ్యాన్లకు ఉద్దేశించిన 6 ఆంపియర్ల ప్లగ్గు కరిగిపోవచ్చు, 10 ఆంపియర్లది అంచు మీద నడుస్తుంది. 16 ఆంపియర్లదే కొనాలి, ఆవిరి తగలని చోటే పెట్టాలి. వారం వాడాక తీసి పిన్నులు చూడాలి. గోధుమరంగు మచ్చ కనిపిస్తే సాకెట్ వదులైనట్టే. కరెంటు పోయి వచ్చినప్పుడు 'ఆఫ్'లో ఉండేలా సెట్ చేయకపోతే, ఊళ్లో లేనప్పుడు కూడా గీజరు దానంతటదే మొదలు కావచ్చు. ఇవేవీ ఎర్తింగ్‌కు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చికి ప్రత్యామ్నాయం కావు.

పొదుపు పేరుతో థర్మోస్టాట్‌ను 40కి దించి రోజంతా వదిలేయడం ఇంకో పొరపాటు. నిలవ ఉన్న గోరువెచ్చని నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. 60 దగ్గరే ఉంచి, అవసరమైన వేళకే కాచుకోవాలి. ఆదిలాబాద్ చలికి పెట్టిన టైమింగు మే నెలకు పనికిరాదు. అప్పుడు మిద్దె మీది ట్యాంకు నీళ్లే మధ్యాహ్నానికి కాగి ఉంటాయి.

2023లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, స్మార్ట్ మీటరున్న ఇళ్లకు వాడకం ఎక్కువుండే పీక్ వేళల్లో ధర మామూలు కంటే కనీసం 10 శాతం ఎక్కువ, సౌర విద్యుత్ వేళల్లో కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. ఆ ధరలు అమలైన చోట సాయంత్రం స్నానానికి మధ్యాహ్నమే నీళ్లు కాచి ఉంచుకుంటే బిల్లు తగ్గాలి. అందరూ ప్లగ్గులు కొనలేరు. గంట కాగానే గీజరును ఆపేసే టైమరుకు ఇంటర్నెట్ అక్కర్లేదు. అతి చవక గీజరులోనూ అది తప్పనిసరి చేయాలని బీఈఈని కోరుతున్నాం.