అనుమానం గారూ, మీ హాజరు సంగతి

శ్రీయుత అనుమానం గారికి,

నెల్లూరు నుంచి ఒక పౌరుడు రాయునది. మీరు మా వైపు లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బెండకాయ కొన విరిచి చూడనిదే మా వీధిలో ఎవరూ సంచిలో వేయరు. అమ్మే అవ్వ ముఖం చిన్నబోయినా మీరు చలించరు. పక్కన ప్రకాశం జిల్లాలో ఒంగోలు గిత్తను కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూసి వయసు కడతాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, అప్పుడు గానీ బేరానికి దిగడు. ఇంట్లో ఆడపిల్ల రావడం అరగంట ఆలస్యమైతే పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఇంతటి పనిమంతులు, ఫోనులో ‘వెంటనే పదిమందికి పంపండి’ అని సందేశం రాగానే ఎక్కడికి పోతారు? పంపినవాడు మేనమామ అయితే చాలు, మీకు సెలవు మంజూరు!

మీకు ధైర్యం లేదనీ అనలేను. 2019 జూలై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో చంద్రయాన్-2 ఎగరాలి. రాష్ట్రపతి స్వయంగా వచ్చి కూర్చున్నారు. ఇంకా 56 నిమిషాలు ఉందనగా లోపం కనబడిందని మీరు లెక్కింపు ఆపించారు. పెద్దవారు వచ్చారు కదా, ఈసారికి పోనిద్దామని మొహమాటపడలేదు. సరిచేసి 22న పంపారు.

అదే తీరంలో కృష్ణపట్నం ఉంది. 2021 మే నెలలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఇచ్చే కరోనా మందు కోసం అక్కడ జనం బారులు తీరారు. ఊపిరి అందని మనిషిని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లను నేనేమీ అనను. ఆసుపత్రిలో మంచం దొరకని రోజులవి. నా కోపమంతా ఇళ్లలో చల్లగా కూర్చుని, పరీక్షలు పూర్తికాకముందే తీర్పు చెప్పినవాళ్ల మీద. ‘నిజంగా తగ్గుతుందా?’ అని అడిగితే చాలు, జిల్లా పరువు తీసినట్టు చూశారు. చివరికి కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి మిగిలిన మందులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ పక్కనపెట్టడంలో మీ చేతిరాత గుర్తుపట్టాను.

ఇక అసలు పని. ఆదివారం మా బావగారు కావలి నుంచి వస్తున్నారు. నెలకు పది శాతం వడ్డీ ఇచ్చే సంస్థ కాగితాలు తెస్తున్నారట. ఏడాది తిరిగేసరికి వడ్డీయే అసలును దాటుతుందని మురిసిపోతున్నారు. ఆ సొమ్ము ఏ వ్యాపారంలోంచి వస్తుందని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. బావగారి ముందు మాకు నోరు లేవదు. కనుక తమరు తొమ్మిదికల్లా దయచేయగలరు. దోసెలు, పల్లీల చట్నీ ఉంటాయి.

ఇట్లు,
తమ అవసరంలో ఉన్నవాడు