మహారాజశ్రీ మోకాలి పట్టీ గారికి

హనుమకొండ నుంచి నమస్కారాలు. మొన్న పాండవుల గుట్టలు ఎక్కేటప్పుడు తమరు తొడను పట్టుకొని ఠీవిగానే ఉన్నారు. దిగుడు మొదలయ్యే సరికి చీలమండ దాకా జారి విశ్రాంతి తీసుకున్నారు. పని లేని చోట హాజరు, పని ఉన్న చోట సెలవు!

చిప్పకు పైన తొడ చుట్టుకొలత తీసి కొనాలని మాకూ తెలుసు. షాపులో మాత్రం "ఫ్రీ సైజ్ సార్, సాగుతది" అంటారు. చెమట పట్టాక ఇంకా సాగుతది. బిగుతుది తీసుకుంటే పిక్క తిమ్మిరెక్కుతది.

అయినా అసలు బాధ తమరి అట్టపెట్టె మీది "పూర్తి రక్షణ" అన్న మాటతో. గుట్ట దిగేటప్పుడు ఒంటి బరువుకు బ్రేకు వేసేది తొడ ముందు కండరం, అదీ సాగుతూనే. అది అలసిందా, అడుగు ధన్‌మని పడి భారమంతా చిప్ప వెనక చేరుతుంది. దాన్ని గుడ్డముక్క ఆపుతుందా? తమరిచ్చేది కాస్త వెచ్చదనం, కాస్త ధైర్యం. అంతే.

ఆ కండరానికి కావాల్సింది 4 అంగుళాల మెట్టు. ఒంటికాలిమీద నిలబడి, రెండో మడమ నేలను తాకేదాకా మూడు లెక్కపెడుతూ దిగాలి. మోకాలు లోపలికి వాలొద్దు. కాలికి 8 నుంచి 10, రెండు విడతలు, రోజు విడిచి రోజు. నొప్పి పదింట మూడు దాటకుండా, తెల్లారేసరికి తగ్గితే సరే. వాపు వస్తే ఎత్తు తగ్గించాలి, తగ్గకపోతే ఆపాలి. కుదిరితే 6 అంగుళాలు, ఆ తర్వాతే పద్మాక్షి గుట్ట మెట్లు. సంచిలో బరువు అన్నిటికన్నా చివర.

తమరి చుట్టం నొప్పి స్ప్రే గారు కాసేపు చల్లగా మాట్లాడి వెళ్ళిపోతారు. "గుజ్జు అరిగింది, ఇక కదలకు" అనే పెద్దమనుషులకు వేరే ఉత్తరం రాస్తాం. పొడుగు మార్చుకునే చేతికర్రలు నయం: దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడుగు పెంచితే కొంత బరువు నిజంగానే మోస్తాయి, అట్టపెట్టె మీద గొప్పలు లేకుండానే.

ఇగ మర్యాద అయిపాయె. జారితే జారు, జనాన్ని మాత్రం నమ్మించకు! మోకాలు వాచి వేడెక్కినా, మధ్యల పట్టేసినా, నిన్ను తొడుక్కొని ఎక్కుతున్నరు. అట్లున్నోళ్ళు పోవాల్సింది ఎముకల డాక్టర్ దగ్గరికి, రామగిరి ఖిల్లాకు కాదు.

ఖిల్లాకు నువ్వూ రా, కాదనం. సంచిల నీళ్ళ సీసాకు తొడుక్కొని కూర్చో.