పొద్దు పొడిచేటప్పుడు పడమటికి తిరగండి

శిఖరం మీద సూర్యోదయం చూడాలని నడిరాత్రి లేస్తాం. చలికి వణుకుతూ, టార్చి వెలుగులో గంటల తరబడి ఎక్కుతాం. తీరా పైకి చేరాక అందరం తూర్పుకే తిరిగి నిలబడతాం. ఎర్రటి బింబం బయటపడగానే కేరింతలు, సెల్ఫీలు, పది నిమిషాల్లో దిగుడు మొదలు. అది చూసిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమంటుంది. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే వాళ్ల వీపుల వెనక అంతకు మించిన అద్భుతం జరిగిపోతుంటుంది మరి.

నేనూ మొదట్లో అంతే. ఒకసారి పక్కనున్న పెద్దాయన భుజం తట్టి "అటు కాదు, ఇటు చూడు" అన్నారు. తిరిగి చూస్తే, పడమటి లోయలనూ వాటికవతల మసకగా ఉన్న మైదానాన్నీ కప్పేస్తూ ఓ పెద్ద నీలి త్రిభుజం. మేం నిలబడ్డ కొండ నీడ! అంచులు గీత గీసినంత తిన్నగా ఉన్నాయి. కొస ఎక్కడో దిగంతాన్ని తాకుతోంది. నోట మాట రాలేదు.

ఆ కొండేమో త్రిభుజంలా ఉండదు. తల చదును, ఓ పక్క కుంగినట్టుంటుంది. అయినా నీడ మాత్రం త్రిభుజమే. రైలు పట్టాలు దూరంగా ఒకచోట కలుస్తున్నట్టు కనిపిస్తాయే, ఇదీ అదే. పొద్దున్నే నీడ ఎంత దూరం సాగుతుందంటే, కొండ వంకరలన్నీ ఆ దూరంలో కలిసిపోయి కొస ఒక్కటే మిగులుతుంది. పైగా అది నేల మీదే పడదు, గాలిలోని తేమ మీదా దుమ్ము మీదా పడుతుంది. అందుకే తెర మీద బొమ్మలా నిలబడ్డట్టు ఉంటుంది. శ్రీలంకలో 2,243 మీటర్ల శ్రీపాద శిఖరం ఎక్కే యాత్రికులకు ఈ నీడ బాగా తెలుసు. తెల్లవారుజామున దానికోసమే ఎదురుచూసేవాళ్లున్నారు.

ఇంకాస్త ముందే, సూర్యుడు రాకముందే తిరిగితే మరొకటి దొరుకుతుంది. పడమటి దిగంతాన ముదురు నీలి పట్టీ, దాని మీద లేత గులాబీ పట్టీ. ఆ గులాబీ రంగును బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. కింది నీలం భూమి నీడే. మనమున్న ఈ భూగోళం తన గాలి మీద తానే వేసుకున్న నీడ! మైదానం నుంచీ కనబడుతుంది గానీ, అక్కడ చెట్లూ ఇళ్లూ అడ్డం. శిఖరం మీద అడ్డేముంది?

కింద మబ్బు కమ్మితే "అయ్యో, వ్యూ పోయింది" అంటారు. పోలేదండీ. ఎండ వీపున పడుతూ ఎదుట మబ్బో మంచో ఉంటే మీ నీడ దాని మీద పడుతుంది, తల చుట్టూ రంగుల వలయాలతో. జర్మనీలో బ్రోకెన్ కొండ పేరు మీద దీన్ని బ్రోకెన్ స్పెక్టర్ అంటారు. 1730ల్లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద భూగోళం ఆకారాన్ని కొలుస్తున్న బూగే, ఉయోవా అనే శాస్త్రవేత్తల బృందం దీన్ని చూసి నివ్వెరపోయింది. పక్కపక్కనే నిలబడ్డా ఎవరి తల చుట్టూ ఉన్న వలయం వాళ్లకే కనిపించింది! ఈ ముక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక తలెత్తి నడినెత్తిన చూడండి. దాదాపు 5,500 మీటర్ల ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి సగమవుతుంది. వెలుగును చెదరగొట్టే గాలి తగ్గేకొద్దీ ఆకాశం నీలం చిక్కబడుతుంది. సోసూర్ అనే శాస్త్రవేత్త 1787లో నీలం ఛాయలద్దిన కాగితాలు పట్టుకుని ఆల్ప్స్‌లోని మోంట్ బ్లాంక్ శిఖరం ఎక్కి, వాటిని ఆకాశంతో పోల్చి చూశాడు. ఆకాశం ఎంత నీలమో తెలుసుకోవడానికి ప్రాణాలకు తెగించి మంచుకొండ ఎక్కిన మనిషి! ఆయనంటే నాకెంతో ప్రేమ.

ఎంత దూరం కనిపిస్తుందన్నది నాకు అంత ముఖ్యం కాదు. 8,849 మీటర్ల ఎవరెస్ట్ మీది నుంచి దిగంతం లెక్క ప్రకారం సుమారు 335 కిలోమీటర్లు. సరే, గొప్పే. కానీ ఫోన్ తీసి చూస్తే ఆ దూరపు కొండలు చీమలంత పడతాయి. వైడ్ లెన్స్ పని అదే. కన్ను మాత్రం ఒక్కో వరసనూ విడిగా పట్టుకుంటుంది: దగ్గరిది ముదురు, దాని వెనకది లేత, ఆ వెనకది దాదాపు ఆకాశమే.

మొన్న మళ్లీ వెళ్లాను. జనం దిగిపోయాక గంటసేపు పడమటికి తిరిగి కూర్చున్నాను. సూర్యుడు పైకొచ్చేకొద్దీ నీడ కొస దిగంతాన్ని వదిలి, మైదానాన్ని వదిలి, వెనక్కి వెనక్కి వచ్చింది. అది వదిలిన చోటల్లా ఏరు తళుక్కుమంది, ఊళ్ల కప్పులు మెరిశాయి. చివరికి నీడ కొండ పాదం దగ్గరికి చేరి, అడవిలో కలిసిపోయింది.